క్రాంతి చూడబోయిన మ్యాచ్

ఆ శనివారం పొద్దున క్రాంతి పెట్టుకున్న పని ఒక్కటే. కోరుట్ల కాలేజీకీ జగిత్యాల కాలేజీకీ జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి, హాస్టల్‌కు వచ్చి పడుకోవడం. అతనికి ఆట పిచ్చేమీ లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మూడుసార్లు చెప్పించుకుని మూడుసార్లూ మరిచిపోయాడు. కాకపోతే రూమ్మేట్ శ్రవణ్ కోరుట్ల గోల్‌కీపర్. "నువ్వు రాకుంటే నాతోని మాట్లాడకు" అన్నాడు.

తీరా పోతే, గ్రౌండ్‌లో రెండు గుంపులు. సగం గ్రౌండ్ తీసుకుని మున్సిపాలిటీ వాళ్లు దుకాణాలు కడతారని తెలిసి వారమైంది. ఫైనలియర్ ప్రణీత, ఆమె సంఘం వాళ్లు నడి గ్రౌండ్‌లో కూర్చున్నారు. న్యాయం జరిగేదాకా ఆట లేదట. మహిపాల్ సంఘం వాళ్లు మెట్ల ముందు, సున్నపు గీత దగ్గర నిలబడ్డారు. ఆటలో రాజకీయం వద్దట, మ్యాచ్ జరగాలట. నిజానికి దుకాణాలు ఇద్దరికీ ఇష్టం లేదు. కాని ఒకరు ముందే అన్న మాటను రెండోవారు ఎట్లా అంటారు?

క్రాంతి మెట్ల మీద చోటు చూసుకుని కూర్చున్నాడు. ముందు ఇరవై మంది అడ్డం. శ్రవణ్ కాదు గదా, గోల్‌పోస్టే కనబడటం లేదు.

"అన్నా, జరుగుర్రి!" అన్నాడు. ఎవరూ కదలలేదు. లేచి, చేయి పైకెత్తి గొంతు చించుకున్నాడు. "జరగాలె! జరగాలె!"

మహిపాల్ గిరుక్కున తిరిగాడు. "శబాష్! మ్యాచ్ జరగాలె!"

ప్రణీత ఊరుకుంటుందా? "ఆ తమ్ముడు అనేది న్యాయం గురించి! న్యాయం జరగాలె!"

రెండు గుంపులూ "జరగాలె!" అని అందుకున్నాయి.

"నేనన్నది గది కాదు, మీరు జరగాలె!" అన్నాడు క్రాంతి. ఆ గోలలో ఎవరు వింటారు?

లోకల్ ఛానల్ విలేకరి మైకు పెట్టాడు. "తమ్మీ, నీ పేరేంది?"

"క్రాంతి."

సంక్రాంతి నాడు పుట్టాడని పెట్టిన పేరది. విలేకరి ఆ సంగతి అడగలేదు.

పావుగంటలో సిరిసిల్ల నుంచి తండ్రి మల్లేశం ఫోన్ చేశాడు. వెనక బట్ట నేసే సాంచాల చప్పుడు.

"ఏందిరా, టీవీల సూపిస్తుండ్రు! సదువుకొమ్మంటే లీడర్‌వైనవా?"

"లే నాయినా, ఆట సూద్దామని అచ్చిన."

"అబద్ధమాడకు. చెయ్యి ఎట్ల లేపినవో నేను సూడలేదా?"

అంతలో జీపు వచ్చి ఆగింది. దుకాణాల పని చూసే అధికారి దుర్గయ్య దిగాడు. "మీ లీడర్ ఎవలు?"

రెండు సంఘాలూ పుట్టిన తర్వాత మొదటిసారి ఒకే మనిషి వైపు వేలు చూపించాయి.

క్రాంతి ముందుకొచ్చాడు. "సార్, నాది ఏ సంఘం కాదు. మా శ్రవణ్ గోల్ ఆపుతుంటే సూద్దామని అచ్చిన. గీ గ్రౌండ్ పోతే వాడు యాడ ఆపాలె? నేను యాడ సూడాలె?"

నినాదాలకు దుర్గయ్య దగ్గర జవాబులు రాసి ఉన్నాయి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోల్‌పోస్టు వైపు చూశాడు.

"నేను గూడ గీ గ్రౌండ్లనే ఆడిన" అన్నాడు మెల్లగా. "దుకాణాలకు వేరే జాగ సూడుమని పైకి రాస్త. మీ లీడర్ ఇప్పుడే ఆఫీసుకచ్చి దరఖాస్తు మీద సంతకం పెట్టాలె."

అందరూ చప్పట్లు కొట్టి, గీత అవతలికి జరిగారు. విజిల్ మోగింది. జీపులోంచి క్రాంతి వెనక్కి చూశాడు. మెట్ల ముందు ఒక్కరూ అడ్డం లేరు.

నెల రోజులకు దుకాణాలు వేరే చోటికి పోయాయి. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారని ఎవరో అడిగితే, గ్రౌండ్ రక్షణ కమిటీ అధ్యక్షుడు క్రాంతి, కనుక్కుని చెబుతానన్నాడు.