స్పేర్ డ్రైవర్ నిద్ర

ముక్కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న టైమ్‌టేబుల్ గారు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఏడింటికి మాత్ర. ఏడున్నరకు చల్లారిన పాలు. ఎనిమిదికి పడక్కుర్చీలో వీపు వెనక మూడు దిళ్లు పెట్టుకుని కూర్చోవడం, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా తుమ్మకుండా ఉండడం. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క ట్రిప్పు కూడా ఆలస్యంగా తీయని బస్సు డ్రైవరు కనుక డిపోలో ఆయనకు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు రెండు ముక్కుపుటాల్లో దూది, ముక్కు మీద ప్లాస్టరు. నోటితో గాలి పీలుస్తూ కూడా ఆయన గోడ గడియారం వంకే చూస్తున్నారు.

ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుందని మూడు నెలల క్రితం బయటపడింది. బయటపడిన తీరు ఏమంత గౌరవంగా లేదు. నలభై మంది ప్రయాణికులతో సిగ్నల్ దగ్గర ఆగినాయన, పచ్చలైటు పడినా కదల్లేదు. కునుకు తీశారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, డిపో మేనేజరు ఆ సాయంత్రమే ఆయన్ని స్టీరింగు నుంచి తప్పించి పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ ఆయన గొడుగులకు చీటీలు కడుతున్నారు.

మళ్ళీ సీటెక్కాలంటే ఒక్కటే దారి. నిద్ర క్లినిక్ వాళ్ళిచ్చిన గాలి మిషన్ గొట్టాన్ని మాస్కుతో ముక్కుకు తగిలించుకుని, ముప్పై రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తగ్గకుండా నిద్రపోవాలి. మిషన్ ఏ రోజు లెక్క ఆ రోజు తనంతట తనే క్లినిక్‌కు పంపుకుంటుంది. నాలుగు గంటలు పూర్తయితే దాని తెర మీద పచ్చటి నవ్వుమొహం కనిపిస్తుంది. టైమ్‌టేబుల్ గారు పంతొమ్మిది నవ్వుమొహాలు సంపాదించారు.

అంతలో ఈ ఆపరేషన్ వచ్చిపడింది. దానికి కారణం ఆయన భార్యే. ఇంట్లోనే కుట్టుపని చేసుకునే ఆవిడ, భర్త గురక భరించలేక పద్దెనిమిదేళ్లుగా కుట్టు గదిలోనే పడుకుంటోంది. గాలి మిషన్ వచ్చాక కూడా రోజూ పొద్దున్నే, "గోడ అవతలికి వినిపిస్తూనే ఉందండీ, ఉలిక్కిపడి లేస్తున్నాను," అనేది. క్లినిక్‌కు వెళ్ళి అదే గట్టిగా చెప్పింది. వాళ్ళు ముక్కు డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన టార్చి వేసి చూసి, ముక్కు దూలం వంకరగా ఉంది, సరిచేద్దాం అన్నారు.

పాలు తాగి టైమ్‌టేబుల్ గారు ఆస్పత్రి కాగితం చదివారు. వంగకూడదు, బరువులెత్తకూడదు, ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఆఖరి వాక్యం ఆయన రెండుసార్లు చదివారు. పది రోజులు మాస్కు పెట్టుకోకూడదు.

"ముక్కు డాక్టరేమో పది రోజులు మాస్కు పెట్టొద్దంటాడు. క్లినిక్ వాళ్ళేమో ఒక్క రాత్రి కూడా మానొద్దన్నారు," అన్నారు నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

"క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి," అంది భార్య.

"అడిగితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టమంటారు. పంతొమ్మిదీ నీళ్ళపాలు."

"అడక్కుండానే వాళ్ళ సమాధానం కూడా మీరే చెప్పేస్తే ఎలాగండీ?"

సరిగ్గా అప్పుడే బామ్మర్ది వచ్చాడు. అతనూ ఆ డిపోలోనే స్పేర్ డ్రైవరు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ బస్సు ఎక్కుతాడు. తెల్లవారుజామునే ఒక ట్రిప్పు ముగించుకుని బావను పలకరించడానికి వచ్చాడు. అతన్ని చూడగానే టైమ్‌టేబుల్ గారి కళ్ళు మెరిశాయి.

"ఒరేయ్, డ్రైవరు సెలవు పెడితే బస్సు ఆపేస్తామా?"

"ఎందుకాపుతాం బావా? నన్నెక్కిస్తారు."

"పైకి పంపే కాగితంలో ఏం రాస్తారు?"

"బస్సు నంబరు, తిరిగిన ట్రిప్పులు."

"డ్రైవరు ముక్కు గురించి ఎవరైనా అడుగుతారా?"

బామ్మర్దికి విషయం బోధపడడానికి కాస్త సమయం పట్టింది. "అంటే, నీ బదులు నన్ను నిద్రపొమ్మంటున్నావా?"

"ఎలాగూ రోజూ మధ్యాహ్నం నాలుగైదు గంటలు పడుకుంటావు. ఆ పడుకునేదేదో ఇక్కడ పడుకో. మిషన్‌కి గంటలే లెక్క, పగలో రాత్రో దానికి పట్టదు."

"ఇంత మంచి డ్యూటీ నాకెప్పుడూ పడలేదు బావా," అని అతను చెప్పులు విప్పాడు.

అక్క మాస్కును సబ్బునీళ్ళతో కడిగి తమ్ముడి మొహానికి కట్టింది. మూడు రోజులు బండి సాఫీగా నడిచింది. బక్కపలచటి బామ్మర్ది పడుకున్న నిమిషానికి నిద్రపోయేవాడు, సాయంత్రం లేచేసరికి తెర మీద పచ్చటి మొహం నవ్వుతుండేది. టైమ్‌టేబుల్ గారు క్యాలెండర్‌లో ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు అని అంకెలు వేసుకున్నారు.

నాలుగో రోజు పొద్దున్న ఫోన్ మోగింది. నిద్ర క్లినిక్ డాక్టరమ్మ.

"మీ లెక్కలు చూశానండీ. ఇదివరకు మిషన్ ఎనిమిది పాయింట్ల జోరుతో ఊదాల్సి వచ్చేది. ఈ మూడు రోజులూ నాలుగు దాటలేదు. ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంతగా తగ్గిపోవడం నేనెక్కడా చూడలేదు. మీకిక ముప్పై రాత్రులెందుకు? డిపోకి రేపే రాసేస్తాను."

ఇక్కడ నిజం చెప్పేసి ఉంటే కథ కంచికి చేరేది. టైమ్‌టేబుల్ గారు నోరు తెరిచారు కూడా. కానీ మూడు నెలల గొడుగులు కళ్ళముందు మెదిలాయి. "మీ దయండీ," అని ఫోన్ పెట్టేశారు.

డాక్టరమ్మ రాసేదాకా కూడా ఆగలేదు, డిపో మేనేజరుకు ఫోన్‌లోనే చెప్పేశారు. మధ్యాహ్నానికల్లా డిపో బోర్డు మీద సోమవారం మొదటి బస్సుకు టైమ్‌టేబుల్ గారి పేరు ఎక్కింది. ఆ వార్త చెప్పడానికి బామ్మర్ది ఫోన్ చేసి, పనిలో పనిగా ఇంకోటి కూడా చెప్పాడు. డ్రైవర్లు తక్కువై తనకు రెండు పూటలా డ్యూటీ వేశారట, ఇవాళా రేపూ నిద్రకు రాలేడట.

"ఇంత దూరం వచ్చాక బస్సు ఆపడమేంటి?" అంటూ టైమ్‌టేబుల్ గారు భార్య వైపు చూశారు.

"నాకు బోలెడు పనుంది," అంది ఆవిడ. కానీ మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడకు రోజూ తల బరువెక్కుతుంది, కుట్టు మిషన్ మీదే జోగుతుంది. ఒక్క పూటే కదా అని మాస్కు తగిలించుకుంది.

అయిదు గంటలు కదలకుండా పడుకుంది. బట్టల కోసం వచ్చినవాళ్ళు తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయారు. లేచాక కాసేపు ఆశ్చర్యంగా గోడలన్నీ చూసింది. "తలనొప్పి లేదండీ," అంది. ఆ సాయంత్రం వారం రోజుల కుట్టుపని పాట పాడుకుంటూ పూర్తిచేసింది. మర్నాడు భోజనం కాగానే ఎవరూ చెప్పకుండానే మాస్కు కడుక్కుని, "పాపం, తమ్ముణ్ణి శ్రమపెట్టడమెందుకు? మిగతా రోజులు నేనే చూసుకుంటాలెండి," అని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆరో రోజు పొద్దున్న మళ్ళీ డాక్టరమ్మ ఫోన్. ఈసారి గొంతులో మురిపెం లేదు.

"వెంటనే బయల్దేరి రండి. ఇంట్లోవాళ్ళని తోడు తెచ్చుకోండి. మీరు మాత్రం స్కూటరు కూడా నడపొద్దు."

క్లినిక్ గదిలో బల్ల మీద రెండు కాగితాలున్నాయి. డాక్టరమ్మ మొదటిదాని మీద వేలు పెట్టారు. "మూడు రోజులు నాలుగు. ఆ తర్వాత రెండు రోజులు పదహారు! ఆపరేషన్ వికటించినట్టుంది. గొంతులో కూడా కొయ్యాలేమో, ముక్కు డాక్టరు గారిని పిలిపించాను. ఈలోగా మీ డిపోకి ఇది రాస్తున్నాను." రెండో కాగితం మీద పెన్ను కదులుతోంది. బస్సు నడపడానికి శాశ్వతంగా పనికిరారు అన్న మాటలో సగం పూర్తయింది కూడా.

ఏ సీటు కోసం ఇంత చేశారో ఆ సీటు కళ్ళెదుటే పోతోంది. టైమ్‌టేబుల్ గారికి నిజంగా ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు చీదాలి, చీదకూడదు. అందుకని నిగ్రహించుకున్నారు.

ముక్కు డాక్టరు వస్తూనే మండిపడ్డారు. "పది రోజులు మాస్కు వద్దన్నాను కదయ్యా!" అంటూ టార్చి వేసి లోపలికి చూశారు. మళ్ళీ చూశారు. "ఈ ముక్కుకి మాస్కు తగల్లేదు. కుట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మరి ఈ లెక్కలెవరివి?"

"ఆ మూడు రోజులూ మా బామ్మర్దివండీ," అన్నారు టైమ్‌టేబుల్ గారు తలవంచుకుని. వంగకూడదని గుర్తొచ్చి మళ్ళీ ఎత్తారు. "రెండు రోజులు మా ఆవిడవి. బస్సు ఆగకూడదని స్పేర్ డ్రైవర్లని పెట్టాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. "ఆ రోజు సిగ్నల్ దగ్గర కునుకు తీసింది మీ బామ్మర్దా? రేపు నలభై మందిని ఎక్కించుకుని మీరు తూలితే, మీ బదులు ఆయన మెలకువగా ఉంటే సరిపోతుందా?"

టైమ్‌టేబుల్ గారికి ఆ రోజు వెనక సీట్లో చంటిబిడ్డతో కూర్చున్నావిడ మొహం గుర్తొచ్చింది. సిగ్గేసింది. "తప్పయిపోయిందమ్మా. మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతాను," అన్నారు.

"ఒకటి నుంచెందుకు?" అన్నారు ముక్కు డాక్టరు. "ఆపరేషన్ అయినవాళ్ళకి లెక్క ఆపుతారు. ఆపమని ఆ రోజే చీటీ పంపానే!"

డాక్టరమ్మ ఫైలు తిరగేశారు. చీటీ అట్ట వెనక అంటుకుని ఉంది. ఆవిడ మొహం కాస్త ఎర్రబడింది. "మీ పంతొమ్మిదీ పదిలంగా ఉన్నాయి. నయమయ్యాక మిగతా పదకొండు మీరే నిద్రపోండి. సోమవారం సంగతి నేను మేనేజరుకు చెప్పుకుంటాను. అయినా ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేది కదండీ."

భార్య, చెప్పానా అన్నట్టు భర్త వైపు చూసింది.

ఆ చూపు ఎక్కువసేపు నిలవలేదు. డాక్టరమ్మ కుర్చీ ఆవిడ వైపు తిప్పారు. "అయితే ఈ పదహారు మీదన్నమాట. మీ ఆయనకి రెట్టింపు."

"నాకు గురకేంటండీ! గోడ అవతల ఈయన గురకకి నేనే రోజూ ఉలిక్కిపడి లేస్తుంటే!"

"మిషన్ పెట్టుకున్న పంతొమ్మిది రాత్రుల్లోనూ ఈయన గురక పెట్టినట్టు లెక్కల్లో లేదమ్మా," అన్నారు డాక్టరమ్మ నెమ్మదిగా. "మరి మిమ్మల్ని లేపిందెవరు?"

ముక్కు డాక్టరు గొంతు సవరించుకుని, "దూలం వంకరగా ఉన్న మాట మాత్రం నిజం," అన్నారు, ఎవరూ అడక్కపోయినా.

ఇంటికొచ్చాక ఆవిడ భర్త వీపు వెనక దిళ్లు తనే సర్దింది, ముక్కు కింద దూది మార్చింది. "నొప్పిగా ఉందా?" అని పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ లేనంత మెత్తగా అడిగింది.

ఆరు వారాలకు ఆ ఇంటికి రెండో గాలి మిషన్ వచ్చింది, కుట్టు గదిలో మంచం ఖాళీ అయింది. టైమ్‌టేబుల్ గారు సొంతంగా నిద్రపోయి సంపాదించిన ముప్పై నవ్వుమొహాలతో డిపోకు వెళ్ళి, మళ్ళీ సీటెక్కి అద్దం సర్దుకున్నారు. మేనేజరు కిటికీ దగ్గరికొచ్చి, "ఆపరేషన్ బాగా పనిచేసినట్టుందే!" అన్నారు.

"బ్రహ్మాండంగా పనిచేసిందండీ," అని టైమ్‌టేబుల్ గారు బండి స్టార్ట్ చేశారు. "మా ఆవిడకి గురక తగ్గింది."