ఇరవై ఎనిమిది నెలల సంతకం

అంకుర సంస్థల సహాయ కేంద్రంలో చేరినవాళ్ళు ఏ టెక్నాలజీ స్టాక్ ఎంచుకుంటే, దాని ఆయుష్షే వాళ్ళకూ వర్తిస్తుంది. స్టాక్ అంటే యాప్ కట్టడానికి వాడే భాష, డేటాబేసు, మిగతా సరంజామా అంతా. దాన్ని తయారుచేసిన కంపెనీ సపోర్టు ఆపేసిన రోజున, పనివేళల్లోనే, సంతకం చేసినవాళ్ళ ప్రాణం పోతుంది. దరఖాస్తు పద్నాలుగో నిబంధనలో ఇదంతా స్పష్టంగా ఉంది. చేరేవాళ్ళు మాత్రం క్యాంటీన్ గురించే ఎక్కువగా అడిగేవారు.

నూకరత్నం భీమిలి దగ్గర జాలరిపేట మనిషి. ఎం.సి.ఏ. చదివింది. ఆమె తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. రాలేదన్న సంగతి ఒడ్డున తెలియడానికే రెండు రోజులు పట్టింది. అందుకని ఆమె ఒక యాప్ తయారుచేసింది. చెప్పిన వేళకు పడవ రాకపోతే పేటలో అందరి ఫోన్లలో గంట మోగుతుంది. కాలేజీలో నేర్చుకున్న పాత భాషలోనే రాసింది. ఆ భాషకు ఇంకా ముప్ఫై ఒక్క ఏళ్ళ ఆయుష్షుంది.

కేంద్రం సలహాదారు శశిధర్ ఫారం చూసి పెదవి విరిచాడు.

"ఇది ముసలిదమ్మా. కమిటీ ఒప్పుకోదు. శాటిలైట్ సిగ్నల్ కొత్త స్టాకులకే ఇస్తున్నాం."

"సిగ్నల్ లేకపోతే పన్నెండు మైళ్ళు దాటిన పడవ కనబడదండి."

"అందుకే ఈ కొత్తది తీసుకోండి. ఇరవై ఎనిమిది నెలలు. ఈ బ్యాచిలో మీదే ఎక్కువ."

అది నిజమే. పక్క బల్ల దగ్గర పచ్చళ్ళ యాప్ పెట్టినాయనకు పదకొండు నెలలే వచ్చాయి. డెమో బాగా కుదిరిందని ఆయన సంబరంగా ఉన్నాడు.

ఇంటి దగ్గర ఆమె భర్త దానయ్య వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"పాతదే ఉంచుకోలేవేటే?"

"ఉంచుకుంటే, నువ్వు పన్నెండు మైళ్ళు దాటేక నాకు కనబడవు."

"నాను దాటను."

"దాటకపోతే సేపలెక్కడున్నాయి మావా?"

దానయ్య మళ్ళీ వల అందుకున్నాడు. మర్నాడు ఆమె సంతకం చేసింది.

ఆ ఏడాది అల్పపీడనాలప్పుడు గంట మూడుసార్లు మోగింది. పంతొమ్మిది మందిని ఒడ్డుకు తెచ్చారు. వాళ్ళలో దానయ్య కూడా ఉన్నాడు. కేంద్రంవాళ్ళు నూకరత్నం ఫోటో గోడకు పెట్టారు. పదకొండు నెలలు గడిచేసరికి కంపెనీ ఇంకా కొత్తది విడుదల చేసి, ఆమె తీసుకున్నదానికి ఇరవై ఎనిమిది నెలలు నిండకుండానే, ఫిబ్రవరి ఇరవైన సపోర్టు ఆపేస్తున్నామని ప్రకటించింది.

ఆలోపు ఆమె కొత్తదానికి మారి ప్రాణం దక్కించుకోవచ్చు. అయితే పాతది మూసేశాక కొత్తదానికి సిగ్నల్ అనుమతి రావడానికి తొమ్మిది వారాలు పడుతుంది. అన్నాళ్ళూ గంట మోగదు. యజమాని మరణిస్తే మాత్రం వారసుడికి అదే రోజు అనుమతి ఇస్తారు. రెండు నెలల వేట నిషేధం ఏప్రిల్లో మొదలవుతుంది కాబట్టి అప్పటిదాకా ఆగమని ఆమె కంపెనీకి రాసింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబొచ్చింది.

"గంట ఆపీయే," అన్నాడు దానయ్య. "తొమ్మిది వారాలు దేవుడే సూసుకుంటాడు."

"మా అయ్యని సూసుకున్నాడా?"

ఆమె ఉన్నన్నాళ్ళూ కూర్చుని యాప్ అంతా కొత్త స్టాకులో తిరిగి రాసి పెట్టింది.

ఫిబ్రవరి ఇరవైన ఇద్దరూ కలిసి కేంద్రానికి వచ్చారు. నూకరత్నం పాస్‌వర్డులు కాగితం మీద రాసి శశిధర్‌కిచ్చింది. తరవాత ఫోను చూస్తూ కూర్చుంది. దానయ్య ఆమె చెయ్యి వదల్లేదు. పదకొండున్నర దాటాక, "ఇంకా మూడు పడవలు రావాలి" అని అతని భుజం మీద తల వాల్చింది.

పడవలింకా బయటే ఉన్నాయి కాబట్టి గంటలోపు వారసుడి సంతకం కావాలని శశిధర్ మెల్లగా చెప్పాడు. సంతకం చేసేవాళ్ళకు కోడు రాయడం తెలిసుండాలన్న నిబంధన లేదు. కొత్తదానికి పద్నాలుగు నెలలు.

దానయ్య భార్య తలను జాగ్రత్తగా కుర్చీకి ఆనించి లేచాడు.

"బాబూ, యేట లేని రెండు నెల్లూ ఇందులో కలుస్తాయా?"

"కలుస్తాయండి. సెలవులు మినహాయించరు."

దానయ్య సంతకం పెట్టాడు. తరవాతి వారసుడి పేరు కూడా ఇప్పుడే చెప్పేయమన్నాడు శశిధర్, మళ్ళీ తిరగనక్కర్లేకుండా. ఆ మూడు పడవల్లో ఒకదానిలో ఉన్న తమ్ముడి పేరు చెప్పాడు దానయ్య.

"ఆధార్‌లో ఎలా ఉందో అలాగే చెప్పండి," అన్నాడు శశిధర్.