మీసం, మెమొరీ, బంగారుతీగలు

నికూల్‌దెన్ పండుగ, అంటే నికోలా అన్న పేరున్నవాళ్ళందరి పేరు పండుగ, ఎల్లుండనగా ఆ ఉదయం స్తామెన్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, సర్వర్ మీద ఒక చూపు వేయాలి, కాఫీ తాగాలి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి చేప పొట్టలో కూరడానికి భార్య కొట్టిపెట్టమన్న అక్రోట్లు కొట్టాలి. ప్లోవ్‌డివ్ ఊరి బయట గెంచో గారికి చేపల చెరువులున్నాయి. వాటి వెబ్‌సైటు నడిపేది స్తామెనే. ఏడాది పొడవునా ఆ సైటు ముఖం చూసే దిక్కుండదు. నికూల్‌దెన్‌కి మాత్రం ప్రతి ఇంటి బల్ల మీదా బంగారుతీగ చేప ఉండి తీరాలి కనుక ఊరు ఊరంతా దాని మీద పడుతుంది.

కిందటేడు ఆ తోపులాటకు సైటు పడిపోయింది. ఈ ఏడు అలా జరగదని స్తామెన్ అందరి ముందూ మాట ఇచ్చాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఈసారి గాని పడిపోతే ఈ మీసం తీసేస్తా!" అని మెలేసి మరీ చెప్పాడు. అది అల్లాటప్పా మీసం కాదు. వీధి మలుపులో ముందు మీసం కనిపించేది, తర్వాత స్తామెన్ కనిపించేవాడు. దాన్ని తలుచుకుంటే అతనికి సొంత ఇల్లు తలుచుకున్నంత గర్వం.

ఆ ఉదయం సర్వర్ చక్కగానే నడుస్తోంది. సైటు తెరిస్తే రెప్పపాటులో చేపల బొమ్మలు వస్తున్నాయి. అయినా అలవాటు కొద్దీ మెమొరీ సంగతి అడిగాడు. సర్వర్‌ను నడిపే లినక్స్ గళ్ళు గళ్ళుగా జవాబిచ్చింది. 'ఖాళీ' అన్న గడిలో అంకె చూసేసరికి స్తామెన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అంత మెమొరీలోనూ ఖాళీ పిసరంత మిగిలింది.

"ఎవరో తినేస్తున్నారు!" అని కేకపెట్టాడు.

ఎవరో అన్నాడే గాని అనుమానం అప్పటికే ఎదుటి బల్ల దగ్గరకు వెళ్ళిపోయింది. అక్కడ కూర్చునేది ఇస్క్రా. వేసవిలో చేరిన ప్రోగ్రామరు. సైటులో చేపల బొమ్మలు చూపించే భాగం ఆ అమ్మాయే రాసింది, బాగా రాశానని ఆమెకూ గర్వమే.

"నీ బొమ్మల ప్రోగ్రాం మెమొరీ అంతా మింగి కూర్చుందమ్మాయ్!"

"నా ప్రోగ్రామా? ఏదీ చూడనివ్వండి. బాబాయ్, ఆ చివరి గడి చూశారా?"

"ఇక్కడ కొంప మునుగుతుంటే చివరి గడి ఎందుకే!"

సరిగ్గా అప్పుడే గెంచో గారు జున్ను పెట్టి కాల్చిన వేడి బనిత్సా రొట్టె పొట్లంతో లోపలికి వచ్చారు. ఆయనకు చేపల గురించి తెలియనిది లేదు, కంప్యూటర్ల గురించి తెలిసిందీ లేదు. తెలియని చోట ఆయన స్తామెన్ మీసాన్నే నమ్ముతారు.

"ఏమిటయ్యా గోల?"

"ఈ పిల్ల ప్రోగ్రాం సర్వర్‌ని తినేస్తోందండి. ఇలాగే వదిలేస్తే సాయంత్రానికి సైటు ఉండదు."

"గెంచో గారూ, నా పని మీద ఊరికే నింద వేస్తే నేనొప్పుకోను. ఒక్కసారి ఆ చివరి గడి..."

"గడీ లేదు, గిడీ లేదు. పండగ అయ్యేదాకా నువ్వా మిషను ముట్టుకోకు" అనేశారాయన. ఇస్క్రా ముఖం ఎర్రబడింది. బనిత్సా ముట్టుకోకుండా వెళ్ళి తన చోట కూర్చుంది.

స్తామెన్ రంగంలోకి దిగాడు. మెమొరీలో లినక్స్ దాచుకున్న ఫైళ్ళ నకళ్ళన్నీ ఒక్క ఆజ్ఞతో ఊడ్చిపారేశాడు. ఖాళీ గడిలో అంకె అమాంతం పెరిగింది. "చూశారా! కడిగిన కంచంలా ఉంది" అన్నాడు. గెంచో గారు భుజం తట్టారు. కాసేపటికి మెమొరీ మళ్ళీ నిండడం మొదలైంది. స్తామెన్ పట్టుదల గల మనిషి. నిమిషానికోసారి దానంతటదే ఊడ్చుకునేలా ఏర్పాటు చేసి, ఛాతీ విరుచుకుని కాఫీకి వెళ్ళాడు.

పాపం, అతను ఊడ్చేస్తున్నది ఆ చేపల బొమ్మలనే. జనం మాటిమాటికీ అడిగే వాటిని లినక్స్ చేతికందేలా పెట్టుకుంది. ఇప్పుడు ప్రతిసారీ డిస్కు దాకా పోయి తేవాల్సి వస్తోంది. గల్లాపెట్టె పక్కనున్న సరుకును నిమిషానికోసారి గోదాములోకి మోయించే కొట్టు ఎలా నడుస్తుంది? సైటు నత్తనడకన పడింది. 'ఆర్డర్' నొక్కినవాళ్ళకు జవాబు రాలేదు. మళ్ళీ నొక్కారు. కోపం వచ్చి ఇంకాస్త గట్టిగా నొక్కారు.

తిరిగొచ్చిన స్తామెన్‌కి బారెడు క్యూ కనిపించింది. "పనివాళ్ళు చాలడం లేదు!" అని ఆర్డర్లు అందుకునే ప్రాసెస్‌ల సంఖ్య మూడింతలు చేశాడు. ఒక్కొక్కటీ తన వాటా మెమొరీ తాను పట్టుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఈసారి మెమొరీ నిజంగానే నిండుకుంది. అలా నిండుకుంటే లినక్స్ మొహమాటపడదు. అందరికంటే బొద్దుగా ఉన్నదాన్ని చూసి చంపేస్తుంది. ఆ పూట బొద్దుగా ఉన్నది ఆర్డర్లన్నీ దాచుకున్న డేటాబేసు.

సైటు పడిపోయింది. ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. గెంచో గారు తెర వైపు చూశారు, తర్వాత మీసం వైపు చూశారు. స్తామెన్ చెయ్యి దానంతటదే పైపెదవిని కప్పేసింది.

"ఇస్క్రా," అన్నాడు చెయ్యి తీయకుండానే, "ఏమిటమ్మా ఆ చివరి గడి?"

ఆమె లేచి వచ్చింది. "ఇది ఉత్త ఖాళీ. ఆ చివరిది, అడిగితే దొరికేది. పొద్దున మొత్తం మెమొరీలో సగానికి పైగా అందులోనే ఉంది. లినక్స్ చోటు వృథాగా పడెయ్యదు బాబాయ్, పనికొచ్చేవి పెట్టుకుంటుంది. ఎవరికన్నా కావాలంటే అవి తీసేసి చోటిస్తుంది."

"అంటే పొద్దున..."

"ఏ జబ్బూ లేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడున్నది మీ మందు వల్ల వచ్చింది."

ఇస్క్రా ఊడ్పు ఆపింది, ప్రాసెస్‌లు తగ్గించింది, డేటాబేసును లేపింది. ఆర్డర్లు ఒక్కటీ పోలేదు. పోకపోగా, ఎవరికి ఎంత కోపం వచ్చిందో అన్నిసార్లు నమోదయ్యాయి. గెంచో గారు తల పట్టుకున్నారు. "చెరువులన్నీ తోడితే గాని ఇన్ని చేపలు రావు! ఫోన్లు చేసి ఎక్కువైనవి తీయించండి."

మొదటి ఫోను స్తామెన్ చేశాడు. అవతల ఒక పెద్దావిడ.

"అమ్మా, పొరపాటున మీ పేర మూడు చేపలు పడ్డాయి. రెండు తీసేయమంటారా?"

"ఎందుకు తీయడం? మా ఇంట్లో ఇద్దరు నికోలాలు. పేరు పండక్కి ఎవరినైనా పిలుస్తామా? వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. బల్ల మీద చేప అయిపోయిందన్న మాట మా గడపలో వినపడకూడదు. అవునూ, మా పక్కింటి నికోలా ఎన్ని చెప్పాడు?"

"ఆయనవి నాలుగు పడ్డాయండీ."

"వాడికి నాలుగా? నాకు అయిదు రాయి."

ఏ ఇంటికి చేసినా ఇదే వరస. తగ్గించుకున్నవాడు ఒక్కడు లేడు. పండుగ ముందురోజు సాయంత్రానికి గెంచో గారి చెరువులు మొదటిసారి అడుగంటాయి. ఆయన ఆఫీసు వాళ్ళందరితో గట్టు మీద నిలబడి, పెళ్ళిపెద్దలా మురిసిపోయారు.

"మీసం ఉంచుకోవయ్యా స్తామెన్! వచ్చే ఏడు కూడా అదేదో ఊడ్పు పెట్టు" అన్నారు.

"వద్దు!" అంది ఇస్క్రా.

స్తామెన్ తల ఎత్తాడు. "సైటు పడిందా లేదా?"

"పడిందనుకో, అయితే మాత్రం..."

"అయితే మాట మాటేనండి. ఇంకోటి. ఈ పిల్ల పనిలో వంక లేదు. అందరి ముందూ నింద వేశాను, అందరి ముందే చెబుతున్నాను. అంత బాగా నేనైతే రాయలేను."

ఇస్క్రా ఆ రోజు బనిత్సాలో పెద్ద ముక్క తీసుకుంది.

గెంచో గారి అబ్బాయి పేరు నికోలా. కనుక పండుగ నాడు ఎవరూ పిలవకపోయినా ఆఫీసంతా వాళ్ళింట్లోనే ఉంది. నున్నటి ముఖంతో స్తామెన్ గుమ్మంలోకి రాగానే గెంచో గారి భార్య ఎవరో కొత్త చుట్టమనుకుని పేరడిగింది. అతను మాట నిలబెట్టుకున్న మనిషిలా, మీసం ఉన్ననాటి కంటే దర్జాగా పేరు చెప్పి, వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు. ఇస్క్రా అతని గ్లాసులో వైన్ పోసి, పైపెదవి వంక కాసేపు పరీక్షగా చూసింది.

"ఖాళీ బాగానే దొరికింది బాబాయ్" అంది.