కోత పండుగకి వచ్చిన పుస్తకాలు

ఆదివారం పొద్దున్న ఏలూరులో కాఫీ తాగుతూ శేషగిరిరావు గారు వేసుకున్న పథకం చాలా సులువైనది. పదింటికల్లా సన్నలంక చేరుకోవాలి. గదిలో బీరువాలు తెరిచి పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్దాలి. భోజనాలయ్యాక ఊళ్ళోంచి ఓ పదిమందిని బతిమాలి తీసుకొచ్చి, సబ్బుతో చేతులు కడిగించి, తలా ఒక పుస్తకం ఇచ్చి బెంచీల మీద కూర్చోబెట్టాలి. సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి జ్ఞానప్రసూనాంబ గారు వచ్చి చూసి వెళ్ళేదాకా వాళ్ళు కదలకూడదు. ఎవరూ పుస్తకం తలకిందులుగా పట్టుకోకుండా చూసుకునే పని దేవకుమారికి అప్పగించారు.

శేషగిరిరావు గారు రిటైరైన లెక్కల మాస్టారు, ‘పుస్తక మైత్రి’ అనే చిన్న సంస్థకు అధ్యక్షుడు. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే దేవకుమారి కార్యదర్శి. ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్న నరసరాజు గారు ఉపాధ్యక్షుడు. ఆయనకి వ్యాను ఉండడమే ఈ పదవికి అర్హత. కొల్లేటి ఊళ్ళలో ఇంటింటా చదివే అలవాటు పెంచడం సంస్థ ఆశయం. సన్నలంక పంచాయతీ ఒక గది ఇచ్చింది. జ్ఞానప్రసూనాంబ గారు పోయిన భర్త జ్ఞాపకంగా రెండు టేకు బీరువాలూ, వాటి నిండా పుస్తకాలూ ఇచ్చారు. ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. ఊరివాళ్ళకి వల నేయడం, రొయ్య ఒలవడం లాంటి అలవాట్లన్నీ బాగానే ఉన్నాయి గానీ, చదివే అలవాటు మాత్రం పెరగలేదు.

ఎందుకు పెరగలేదో శేషగిరిరావు గారికి తప్ప అందరికీ తెలుసు. ఆయనకి పుస్తకమంటే ప్రాణం. అంచేత దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఆ గది గోడ మీద నిబంధనలు రాయించి పెట్టారు. వేలు తడిచేసి పేజీ తిప్పరాదు. చేపలు ముట్టిన చేత్తో పుస్తకం ముట్టరాదు. ఇంటికి తీసుకెళ్ళరాదు. చేపలు ముట్టని చెయ్యి సన్నలంకలో పుట్టిన పిల్లలకి కూడా వారం రోజులకి మించి ఉండదు. అంచేత పుస్తకాలు ఆరేళ్ళుగా పెళ్ళిచూపులకి కూర్చున్నంత శుభ్రంగా ఉన్నాయి. వాటిలో శేషగిరిరావు గారు స్వయంగా రాసి అచ్చు వేయించుకున్న ‘పఠనాభిలాష: ఒక పరిశీలన’ కూడా ఉంది.

ఈ సంగతి ఎలా తెలిసిందో జ్ఞానప్రసూనాంబ గారికి తెలిసింది. ఆవిడ ఫోన్ చేసి, ఆదివారం వస్తున్నాననీ, తనకి బీరువాలు కాదు, చదివేవాళ్ళు కనపడాలనీ చెప్పారు. కనపడకపోతే బీరువాలు రెండూ నల్లజర్ల వృద్ధాశ్రమానికి పంపేస్తానన్నారు. వాళ్ళకి దుప్పట్లు పెట్టుకోవడానికి చోటు లేదట. ఆ రాత్రి శేషగిరిరావు గారికి నిద్ర పట్టలేదు. ఉద్యోగం అయిపోయాక ఆయనకంటూ మిగిలింది ఆ గదీ, ఆ బీరువాలే. వాటిలో దుప్పట్లు ఉంటాయన్న ఊహకే ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

వ్యాను సన్నలంక చేరేసరికి గది తాళం తీసే ఉంది. గోడలకి కొత్త సున్నం తళతళలాడుతోంది. బీరువాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. శేషగిరిరావు గారు గుమ్మం పట్టుకున్నారు.

నరసరాజు గారు కంగారు పడలేదు. నిన్న సున్నం వేసేవాళ్ళు పుస్తకాల మీద చుక్కలు రాలుస్తున్నారట. ఆయనే స్వయంగా పుస్తకాలన్నీ చేపల ట్రేల్లోకి ఎత్తించారట. మంచు పడుతుందని పైన అరటాకులు కప్పి, ట్రేలన్నీ చర్చి వసారాలో పెట్టించారట.

“దేవుడి చోటు కదండీ. ఎవరూ దొంగతనం చెయ్యరని పెట్టించానండి,” అన్నారాయన, తన తెలివికి తానే మురిసిపోతూ.

దేవకుమారి ముఖంలో రంగు పోయింది. “రాజుగారూ, ఇవాళ కోత పండుగండీ,” అంది.

లెక్కల మాస్టారికీ, చేపల రాజుగారికీ దాని అర్థం తెలియలేదు. ఆవిడ చర్చివైపు దాదాపు పరిగెడుతూ చెప్పింది. కోత పండుగకి ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు తెచ్చి ముందురోజే వసారాలో పెడతారు. ధాన్యం, కోళ్ళు, కూరగాయలు, ఏది పండితే అది. ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు. పొద్దున్న వాటన్నిటి మీదా ప్రార్థన చేసి, ఆరాధన అవగానే వేలం వేస్తారు. అరటాకు కప్పి వసారాలో పెట్టిన వస్తువు కానుక కాదని అనుకోవడానికి సన్నలంకలో ఎవరికీ కారణం లేదు.

వాళ్ళు వెళ్ళేసరికి చర్చి ముందు పందిరి కింద వేలం జోరుగా సాగుతోంది. సంఘపెద్ద మత్తయి ఒక బాతుని రెండు చేతుల్తో పైకెత్తి పాట పాడిస్తున్నాడు. దేవుడి సన్నిధిలో అరుచుకోవడం బాగుండదని ఆ సంఘంలో చెయ్యెత్తి పాట పెంచడం ఆచారం. ఇది శేషగిరిరావు గారికి తెలియదు. ఆయన ఆగమని చెప్పడానికి చెయ్యెత్తారు.

మత్తయి సంతోషంగా తలూపి పాట పెంచాడు. అలా కాదని చెప్పడానికి శేషగిరిరావు గారు ఈసారి రెండు చేతులూ ఎత్తారు. ఆ ఔదార్యానికి జనం చప్పట్లు కొట్టారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయిపోయింది. బాతు ఆయన చంకలోకి వచ్చింది. రాగానే చొక్కా గుండీ ఒకటి పీకి మింగింది.

చేతిలో బాతు ఉండగా ఇంకో చెయ్యి ఊపితే ప్రమాదం లేదనుకుని ఆయన మళ్ళీ ఊపారు. దాంతో పెద్ద గుమ్మడికాయ కూడా ఆయనదే అయింది. పాస్టరు అయ్యగారు దగ్గరికి వచ్చి, హిందువులైనా మన పండుగలో ఇంత ప్రేమగా పాల్గొంటున్నారని ఆయన భుజం తట్టారు. ఆ చల్లని మాట విన్నాక పుస్తకాలు తిరిగి ఇచ్చెయ్యమని అడగడానికి శేషగిరిరావు గారికి నోరు రాలేదు. దేవకుమారి అడిగి చూసింది గానీ, ప్రార్థన చేసి దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోవడం ఎలాగమ్మా అని అయ్యగారు నొచ్చుకున్నారు. కావలసినవాళ్ళు పాడుకోవచ్చన్నారు.

అప్పుడు మత్తయి ట్రే మీద అరటాకు తీశాడు. లోపల పుస్తకాలు చూసి ఒక క్షణం ఆలోచించాడు. కిందటేడు ఎవరో దిండు గలీబులు కూడా పెట్టారు కదా అని సర్దుకుని, చేతికొచ్చిన పుస్తకం పైకెత్తాడు. ఎవరూ పలకలేదు. ఇదే అదననుకుని శేషగిరిరావు గారు చెయ్యెత్తారు.

అక్కడే ఆయన పని పాడయింది. ఆయన చెయ్యి చూసి జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. చేపల కమీషను వ్యాపారం చేసే అచ్చమ్మ లేచి నిలబడి అందరికీ వినపడేలా అంది:

“ఆరేళ్ళు మనల్ని ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడేమో ఆయనే ఎగబడి పాడుకుంటున్నారు. ఊరికే ఉంటుందేవిటండీ? వాటిలో ఏదో ఉందండీ.”

అని ఆవిడ చెయ్యెత్తింది. ఆ తర్వాత ఎత్తని చెయ్యి లేదు. ఆయన ఎంత ఆత్రంగా పెంచితే ఊరు అంత పట్టుదలగా పెంచింది. బాతుకీ, గుమ్మడికాయకీ పోగా ఆయన జేబులో మిగిలింది ఒక్క పుస్తకానికీ చాలలేదు. నరసరాజు గారు సాయం చేద్దామని పాట అందుకున్నారు. ఉండి నుంచి చెరువుల ఆసామీ కూడా దిగాడని చూసి ఊరివాళ్ళు ఇంకా రెచ్చిపోయి, ఆయనకీ ఒక్కటి దక్కనివ్వలేదు. మిట్టమధ్యాహ్నానికి ట్రేలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్క పుస్తకానికి మాత్రం ఎంత పిలిచినా ఎవరూ చెయ్యెత్తలేదు. మత్తయి దాన్ని తిరగేసి చూసి, పెద్దాయన బాధపడతారేమోనని, గుమ్మడికాయతో పాటు కొసరుగా ఇచ్చేశాడు. అది ‘పఠనాభిలాష’.

సాయంత్రంలోగా పుస్తకాలన్నీ ఇంటింటికీ తిరిగి వెనక్కి తేవాలని నిర్ణయించారు. గుమ్మడికాయ నరసరాజు గారు, ఖాళీ ట్రే దేవకుమారి పట్టుకున్నారు. బాతు ఇంకెవరి చేతికీ పోనంది కాబట్టి శేషగిరిరావు గారి దగ్గరే ఉండిపోయింది.

మొదట అచ్చమ్మ ఇంటికి వెళ్ళారు. అరుగు మీద ఆవిడ కోడలు నిస్సీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గట్టిగా చదువుతోంది. అచ్చమ్మ కత్తిపీట ముందు కూర్చుని కొరమేను కోస్తూ వింటోంది. చుట్టూ ఇరుగుపొరుగు చేరారు. అది అపరాధ పరిశోధన నవల. నిస్సీ వేలు నాలిక్కి రాసుకుని పేజీ తిప్పింది. శేషగిరిరావు గారు కళ్ళు మూసుకున్నారు.

దేవకుమారి నెమ్మదిగా విషయం కదిపింది. సాయంత్రం దాకా ఇస్తే చాలనీ, రేపు మళ్ళీ తెచ్చిస్తామనీ చెప్పింది.

“అదెలా కుదురుతుందండీ?” అంది అచ్చమ్మ. “కోత పండుగలో పాడుకున్నది ఆ రోజే ఇంటిల్లిపాదీ రుచి చూడాలి కదండీ. పైగా చంపినవాడు ఎవరో ఇంకా తేలలేదండీ.”

ఈ ఆచారం సంగతి దేవకుమారికి తెలుసు గానీ, పుస్తకాలకి కూడా వర్తిస్తుందని ఆవిడ ఊహించలేదు. సన్నలంక మాత్రం ఏ సందేహం లేకుండా వర్తింపజేసింది. కోడి పాడుకుంటే కూర వండుకోవాలి. పుస్తకం పాడుకుంటే చదువుకోవాలి. చదువు రాని ఇళ్ళవాళ్ళు చదువొచ్చిన ఇళ్ళకి పుస్తకం పట్టుకుపోయి చదివించుకుంటున్నారు. మిగిలిపోతే రేపటికి బాగుండదని గబగబా చదువుతున్నారు.

ఏ గుమ్మం ఎక్కినా ఇదే వరస. పండుగపూట వచ్చినవాళ్ళని ఉత్త చేతుల్తో పంపరు గనక ఒక ఇంట్లో పులిహోర, ఒక ఇంట్లో గారెలు, ఇంకో ఇంట్లో రొయ్యల వేపుడు పెట్టారు. పుస్తకం మాత్రం ఎవరూ పెట్టలేదు. మత్తయి ఇంట్లో పరిస్థితి మరీ విచిత్రంగా ఉంది. ఆయన పాటలో దక్కించుకున్నది తెలుగు వ్యాకరణం. కుటుంబమంతా చాప మీద గుండ్రంగా కూర్చుని సంధుల అధ్యాయంలో చెమటలు కక్కుతున్నారు. వాళ్ళ కష్టమూ తగ్గుతుంది, పుస్తకమూ వస్తుందని శేషగిరిరావు గారు ఆశగా అడిగారు, అర్థం కాకపోతే ఇచ్చెయ్యకూడదా అని.

“ఒక్క ముక్క అర్థం కావట్లేదండి,” అన్నాడు మత్తయి. “పోయినేడు కాకరకాయలు వచ్చాయండి. అవీ తిన్నామండి.”

మూడున్నరకి ముగ్గురూ గదికి తిరిగొచ్చారు. కడుపులు నిండాయి, ట్రే నిండలేదు. పోనీ పదిమంది మనుషులనైనా తెచ్చి బెంచీల మీద కూర్చోబెడదామంటే, చదువుకుంటున్నాం, మాకు తీరిక లేదన్నారు. శేషగిరిరావు గారు ఖాళీ బీరువాల ముందు కూలబడ్డారు. ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది. బాతు ఆయన ఒళ్ళో కూర్చుని రెండో గుండీ మింగింది.

జ్ఞానప్రసూనాంబ గారి కారు అనుకున్న వేళకే వచ్చింది. ఆవిడ మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. గదిలోకి వచ్చి ఒక బీరువా తెరిచారు. ఏమీ లేదు. రెండోది తెరిచారు. శేషగిరిరావు గారు ఎప్పుడూ అలవాటుగా వేసే కలరా ఉండలు తప్ప ఏమీ లేవు. ఆవిడ వెనక్కి తిరిగి, బాతునీ, గుమ్మడికాయనీ, గుండీల్లేని అధ్యక్షుణ్ణీ చూశారు.

“పుస్తకాలేవండీ?” అని అడిగారు.

ఆయన అబద్ధమాడదామని నోరు తెరిచారు గానీ ఏ అబద్ధమూ తట్టలేదు. వీధివైపు చెయ్యి చూపించారు. ఆవిడ దేవకుమారిని వెంటబెట్టుకుని వీధిలోకి నడిచారు.

ఎంతసేపటికీ రాలేదు. ఏం జరుగుతోందో తెలియక శేషగిరిరావు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అప్పుడాయనకి ఊరు వినపడింది. ఒక అరుగు మీద నుంచి నవల, ఒక పంచలోంచి వైద్యం, దూరంగా ఎక్కడో మత్తయి గొంతుతో సవర్ణదీర్ఘసంధి. పొద్దున్నుంచీ పుస్తకాల అట్టల గురించే దిగులు పడుతూ తిరగడంతో ఆయన ఆ చప్పుడు వినిపించుకోలేదు. ఆరేళ్ళుగా ఎన్నో ఉపన్యాసాల్లో తాను వర్ణించిన ఊరు ఇదే. వర్ణించేటప్పుడు చేపల వాసన కలపలేదు, అంతే తేడా. ఆయనకి సంతోషం వేసింది. సంతోషంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది.

దీపాలు పెట్టే వేళకి జ్ఞానప్రసూనాంబ గారు తిరిగొచ్చారు. ఆవిడ చెయ్యి కొరమేను పులుసు వాసన వేస్తోంది. అచ్చమ్మ అరుగు మీద కూర్చుని నవల చివరిదాకా విన్నారట. చంపిందెవరని నరసరాజు గారు ఉండబట్టలేక అడిగితే, కావాలంటే చదువుకోండని చెప్పేశారు.

“మాస్టారూ, నేను ఎన్నో లైబ్రరీలు చూశానండీ. ఒక్క పుస్తకమూ మిగలకుండా ఊరంతా చదివేస్తున్నది ఇదొక్కటే చూశాను,” అన్నారావిడ.

శేషగిరిరావు గారు గాలి పీల్చుకున్నారు. గండం గడిచింది, బీరువాలు దక్కాయి అనుకుని వాటి తలుపు మీద ప్రేమగా చెయ్యి వేశారు.

“అంచేత ఇంక ఈ బీరువాలతో మీకు పని లేదు,” అన్నారావిడ. “రేపు నల్లజర్ల పంపించేయండి. పుస్తకాలు ఏటా కోత పండుగకి ముందురోజు నేను పంపుతాను. చేపల ట్రేలు రాజుగారివి. అరటాకులు కప్పడం మాత్రం మరిచిపోకండేం.”

ఆవిడ కారెక్కి వెళ్ళిపోయారు. ఏలూరులో అద్దె వాటాలోకి బాతుని రానివ్వరు కాబట్టి, శేషగిరిరావు గారు ఆ రాత్రికి దాన్నీ, గుమ్మడికాయనీ, కొసరుగా వచ్చిన తన పుస్తకాన్నీ గదిలోనే వదిలి, బాతు ముందు నీళ్ళూ నూకలూ పెట్టి తలుపు వేసి వెళ్ళారు. మర్నాడు బీరువాలు ఎక్కించడానికి వచ్చి తలుపు తీస్తే నూకలు నూకల్లాగే ఉన్నాయి, గుమ్మడికాయ చెక్కుచెదరలేదు.

‘పఠనాభిలాష’ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తి చేసింది ఇప్పటికీ ఆ బాతు ఒక్కటే.