గొంతు మినహాయింపు

పైల దామోదరం పనిదినాల్లో ఉదయం తొమ్మిదింబావుకి తన గొంతును ఇంట్లో కుక్క దగ్గర వదిలి ఆఫీసుకు వెళ్ళేవాడు, సాయంత్రం ఆరున్నరకు వచ్చి మళ్ళీ తగిలించుకునేవాడు. ఊళ్ళో అప్పటికే మూడు వందల పైచిలుకు మంది ఇలాగే వెళ్తున్నారు కాబట్టి అతన్ని ఎవరూ వింతగా చూడలేదు. బస్సులో కండక్టరు అడిగితే వేలితో స్టాపు చూపించేవాడు. టికెట్టు ఇచ్చేవారు.

కుక్క పేరు బెల్లం. బెల్లం రంగులోనే ఉంటుంది. వానాకాలంలో మెట్ల కింద తడుస్తూ దొరికితే దామోదరం భార్య హైమావతి తువ్వాలులో చుట్టి లోపలికి తెచ్చింది. హైమావతి పెద్దాసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేస్తుంది. ఏడున్నరకు వెళ్ళి నాలుగింటికి వస్తుంది. దామోదరం వెళ్ళినప్పటినుంచి ఆమె వచ్చేదాకా కుక్క ఒంటరిగా ఉండాలి. అది ఉండలేకపోయింది. దామోదరం తాళం వేసి వీధి మలుపు తిరగకముందే ఏడుపు మొదలుపెట్టేది. తలుపు చెక్కను గోళ్ళతో మోకాలెత్తు దాకా గీకేసింది. మేడమీద వాటాలో ఉండే డ్రాయింగు మేష్టారు పదకొండు రోజులు ఓర్చుకుని, పన్నెండో రోజున వార్డు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు.

నోటీసు వచ్చింది. ఒంటరి జంతువు ఏడ్చినచో యజమాని తన గొంతును గృహమందు వదిలి వెళ్ళవలెను అని అందులో ఉంది. వార్డు పశు సహాయకుడు లింగరాజు దామోదరాన్ని బల్ల ముందు కూర్చోబెట్టి మూడుసార్లు దగ్గమన్నాడు. మూడో దగ్గుకు గొంతు చేతిలోకి వచ్చింది. తడిపి పిండిన రుమాలంత బరువుంది. దాన్ని ఇత్తడి మరచెంబులో పెట్టుకోవాలనీ, వెళ్ళేటప్పుడు మూత అరచుట్టు వదులు చేయాలనీ లింగరాజు చెప్పి, ఒక కార్డు కూడా ఇచ్చాడు. గొంతు ఇంట్లో ఉన్న కాలంలో సదరు వ్యక్తిని ఏ విచారణలోనూ సాక్ష్యం అడగరాదని దాని వెనకవైపు అచ్చయి ఉంది. దామోదరం అప్పుడది చదవలేదు.

గొంతు ఒక్కటే చాలదు, కుక్కకు అలవాటు కూడా చేయాలని లింగరాజు చెప్పాడు. అతను చెప్పినట్టే దామోదరం పది రోజులు సెలవు పెట్టాడు. తాళాలు చేతిలోకి తీసుకుని మళ్ళీ కూర్చునేవాడు. చెప్పులు వేసుకుని పేపరు చదివేవాడు. అలా రోజుకు ఇరవైసార్లు చేశాక బెల్లం తాళాల చప్పుడుకు తల ఎత్తడం మానేసింది. తర్వాత ఒక నిమిషం బయటికి వెళ్ళి, అది మూలగకముందే తిరిగి వచ్చేవాడు. ఒక నిమిషం అయిదయింది, అయిదు ఇరవై అయింది. వెళ్ళేటప్పుడు ముద్దులూ వీడ్కోళ్ళూ లేవు, వచ్చినప్పుడు హడావుడి లేదు. తను తొడిగి విడిచిన చొక్కా చాప మీద పరిచేవాడు. కొబ్బరి చిప్పలో పెరుగన్నం గట్టిగా కూరి దాని ముందు పెట్టేవాడు. అది నాకుతూ నాకుతూ అలిసిపోయేది. ఎప్పుడైనా లేచి తలుపు దగ్గరికి వెళ్తే చెంబులోంచి దామోదరం గొంతు, “ఉన్నాను తల్లీ. ఎక్కడికీ పోలేదు. పడుకో,” అనేది.

ఆఫీసులో ఇబ్బంది రాలేదు. అతను జిల్లా సర్వే ఆఫీసులో పటాల గది చూస్తాడు. గొంతు లేదని తోటివాళ్ళకు మూడో వారంలో తెలిసింది.

ఒకనాడు బందు కారణంగా ఆఫీసు తొందరగా మూశారు. దామోదరం నాలుగున్నరకే ఇంటికి వచ్చి, కిటికీలోంచి లోపలికి చూసి ఆగిపోయాడు. హైమావతి చెప్పులైనా విప్పకుండా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. బెల్లం నిద్రపోతోంది. చెంబులోంచి గొంతు వస్తోంది.

“అలిసిపోయావు కదూ. కాళ్ళు చాపుకో. ఎవరేమన్నారు ఇవాళ?”

హైమావతి కాళ్ళు చాపుకుంది. మందులు అయిపోయాయని చెప్పినందుకు ఒక రోగి కొడుకు తనను ఎన్నెన్ని మాటలన్నాడో నెమ్మదిగా చెప్పింది. గొంతు మధ్యలో అడ్డురాకుండా వింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో తను ఆ గొంతుతో ఆమెను ఏమేం అడిగాడో దామోదరం గుర్తు చేసుకున్నాడు. కాఫీ అడిగాడు. కళ్ళజోడు ఎక్కడుందని అడిగాడు. ఇస్త్రీ బట్టలు వచ్చాయా అని అడిగాడు. ఇంకేవో అడిగే ఉంటాననుకున్నాడు గాని తట్టలేదు. తలుపు తట్టే మొహం లేక వీధి చివర టీ కొట్టు దగ్గరకు వెళ్ళి ఆరున్నర దాకా నిలబడ్డాడు. ఇంటికి వచ్చి గొంతు తగిలించుకున్నాడు. “అలిసిపోయావా?” అందామని నోరు తెరిస్తే, “కరెంటు పోయిందా మధ్యాహ్నం?” అని వచ్చింది. లేదని హైమావతి చెప్పింది.

ఆ నెలలోనే ఆఫీసులో ఒక పటం కనపడకుండా పోయింది. ఏటి గట్టున ఒక పేట శ్మశానం హద్దుల పటం అది. అది లేకపోతే ఆ నేల తమదని పేటవాళ్ళు చూపించుకోలేరు. పటాన్ని కంప్యూటరులోకి ఎక్కించే పని కాంట్రాక్టు ఉద్యోగిని గొర్లె యశోదది. ఆమె పారేసిందని సూపరింటెండెంటు విశ్వేశ్వరం నివేదిక రాశాడు. నిజానికి పటాన్ని అడిగి తెప్పించుకున్నది విశ్వేశ్వరమే. బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతిలో పెట్టినవాడు దామోదరం. రిజిస్టరులో రాయవద్దని ఆయన అంటే రాయలేదు.

మొదటి విచారణ రోజున యశోద అతని వైపు చూసింది. దామోదరం జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం మీద రాసివ్వడానికి వీల్లేదు. రాత ఎవరిదైనా కావచ్చు, గొంతు మాత్రం ఒకరిదేనని నియమం. విచారణ అధికారి కార్డు నంబరు రాసుకుని, మళ్ళీ సోమవారానికి వాయిదా వేశాడు. ఆ మధ్యాహ్నం దామోదరానికి అన్నం సయించింది. అన్నం సయించినందుకు సిగ్గేసింది గాని, పూర్తిగానే తిన్నాడు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కాని గురువారం నాడు లింగరాజు తనిఖీకి వచ్చాడు. చెంబు మూత బిగించి, అందరినీ బయటికి పంపి, తనూ రెండు గంటలు కిటికీ బయట కూర్చుని చూశాడు. బెల్లం ఒకసారి లేచి నీళ్ళు తాగింది. చొక్కా మీద చుట్టూ తిరిగి ముడుచుకుని పడుకుంది. “దీనికి బెంగ పోయిందండి. ఇంక మీ గొంతు మీరు పట్టుకుపోవచ్చు,” అని లింగరాజు కార్డు వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు యశోద పటాల గది గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

“సార్, మీకు గొంతు వచ్చేసిందంట కదా.”

“వచ్చిందమ్మా.”

“సోమవారం ఒక్క ముక్క చెప్పండి సార్, చాలు. పటం నా బల్ల దాకా రానేలేదని. నాకింకేటీ వద్దు.”

చెప్తానని అనడానికే దామోదరం నోరు తెరిచాడు. “చూద్దాం,” అని వచ్చింది. యశోద దాన్నే మాటగా తీసుకుని దండం పెట్టి వెళ్ళింది.

శనివారం అతనికి సెలవు, హైమావతికి లేదు. ఆమె వెళ్ళాక దామోదరం చొక్కా తొడుక్కున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, తాళాలు చేతిలో పట్టుకున్నాడు. వీధి తలుపు లోపలినుంచి గడియ వేసి, దాని వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. మొదట కుక్కలా ఏడవాలని ప్రయత్నించాడు. నాలుగైదుసార్లయ్యాక ప్రయత్నం అక్కరలేకపోయింది. బెల్లం వచ్చి అతని మొహం వాసన చూసి, పక్కనే పడుకుంది. మేడమీద మేష్టారు కిటికీ తలుపులు మూసుకుని ఫోను చేశాడు.

లింగరాజు రిజిస్టరుతో వచ్చేసరికి కుక్క గురక పెడుతోంది. అతను కుక్కను చూశాడు, ఉబ్బిన దామోదరం కళ్ళను చూశాడు.

“మీరేనా అండి?”

దామోదరం తల వంచుకుని అవునన్నాడు.

“పర్లేదండి. ఫారంలో ఎవరు ఏడ్చారని అడగరు. ఇంట్లోంచి ఏడుపు వచ్చిందా లేదా, అంతే. మీ ఆఫీసునుంచి ఈ వారంలో మీరు అయిదోవారు. అందులో ఇద్దరికి కుక్కే లేదు.” కొత్త కార్డు రాసి, దగ్గమన్నాడు.

సంగతి హైమావతికి మేష్టారి భార్య చెప్పింది. యశోద విషయం ఆమెకు ముందే తెలుసు. చెంబు దగ్గర కూర్చున్న సాయంత్రాల్లో గొంతు కొంత చెప్పింది.  సోమవారం డ్యూటీకి బయల్దేరుతూ ఆమె గుమ్మంలో ఆగింది.

“వెళ్ళేటప్పుడు మూత బిగించి వెళ్ళండి. బెల్లానికి ఇంక అది అక్కర్లేదు.” చెప్పులు వేసుకున్నాక, “నాకూ అక్కర్లేదు,” అంది.

దామోదరం మూత బిగించాడు. లోపలినుంచి గొంతు ఏదో అంటున్నట్టు చెంబు సన్నగా వణికింది. దాన్ని గూట్లో పెట్టి బస్సెక్కాడు.

విచారణ హాల్లో అధికారీ యశోదా కాక పద్నాలుగు మంది ఉన్నారు. ఎవరైనా చెప్పవలసింది ఉందా అని అధికారి అడిగాడు. బల్ల మీద వరసగా పదకొండు కార్డులు పడ్డాయి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఆ నెలలోనే చేరినవాళ్ళు. మూడో ఆయన విశ్వేశ్వరం. ఆయనకు కుక్క లేదు, ఆయన గొంతు ఆయన దగ్గరే ఉంది. తన నివేదికను ఆయన స్పష్టంగా, తొందరపడకుండా చదివాడు. అధికారి నియమం ప్రకారం మూడు నిమిషాలు ఆగి, “ఎవరికీ అభ్యంతరం లేదు,” అని రాయించాడు. యశోదను ఆ రోజునుంచే రావద్దన్నారు.

ఆమె బల్ల సొరుగులోంచి నీళ్ళ సీసా, చున్నీ, ఒక దేవుడి పటం తీసి సంచిలో వేసుకుంది. ఒక్కొక్కరి దగ్గరా ఆగి వస్తానని చెప్పింది. వాళ్ళు తలలూపారు. పటాల గది దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడింది. తిడుతుందనుకున్నాడు దామోదరం. తిడితే బాగుండుననుకున్నాడు.

“మీ కుక్క ఇప్పుడు ఒక్కర్తీ ఉండగలుగుతోందా సార్?” అని అడిగింది. వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

దామోదరం ఉండగలుగుతోందన్నట్టు తల ఊపాడు.

“పోన్లెండి,” అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. అతను తల ఊపుతూనే ఉన్నాడు. ఎలా ఆపాలో అతనికి చాలాసేపు తెలియలేదు.