జెడ్ కేటగిరీ అత్తయ్యగారు

మా ఆవిడ రత్నమాణిక్యం పనులు చెప్పడం మీరెవరూ విని ఉండరు. నేను చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళేలోపు ఏడు పనులు చెబుతుంది. గేటు తీస్తుంటే ఎనిమిదోది. ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెం ఆఫీసుకి చేరేసరికి నాకు గుర్తుండేది ఆ ఎనిమిదోది ఒక్కటే. అదీ సగం.

ఇన్నేళ్ళూ "మర్చిపోయాను" అన్న ఒక్క మాటతో సంసారం నెట్టుకొచ్చాను. ఆ ఏడాది, అంటే రెండువేల ఐదులో, ఆవిడ ప్రతి పనినీ క్యాలెండరు వెనక రాయడం మొదలుపెట్టింది. తేదీతో సహా! మరిచిపోయే హక్కు కూడా లేకపోతే మగవాడు ఎలా బతుకుతాడు చెప్పండి?

సరిగ్గా అప్పుడే మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. బిగించినవాడు పవర్‌పేటలో షాపున్న పర్వేజ్. ఏ రోగం చెప్పినా "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి సార్" అంటాడు కాబట్టి అందరూ అతన్ని రీస్టార్ట్ పర్వేజ్ అంటారు. పనుల జాబితా రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసిచ్చాడు. పని పేరు, ఎవరు చెయ్యాలి, తొందర ఉందా లేదా, అన్నిటికీ గళ్ళున్నాయి. పనులను అక్షరక్రమంలో పేరుస్తుంది. కావలసినవే చూపించి మిగతావి దాస్తుంది.

'దాస్తుంది' అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం మాణిక్యాన్ని పక్కన కూర్చోబెట్టుకుని క్యాలెండరు వెనకున్నవన్నీ, వాటితోపాటు ఆవిడ చేసుకునే ఇంటిపనులూ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. మొత్తం నలభై మూడు.

"ఈ ఫిల్టర్ ఏంటండీ?" అంది.

"టీ వడకట్టినట్టన్నమాట. అక్కర్లేనివి కనబడవు."

"మరి పిప్పి ఎక్కడికి పోతుందండీ?"

"లోపలే ఉంటుంది."

"అంటే పారబొయ్యరన్నమాట. నాలుగు రోజుల్లో కంపుకొడుతుంది," అనేసి వంటింట్లోకి వెళ్ళింది.

నేను అసలు పని మొదలుపెట్టాను. నా వంతు పనులన్నిటికీ ముందు ఇంగ్లీషు అక్షరం జెడ్ తగిలించాను. జెడ్ మోటారు రిపేరు. జెడ్ గ్యాస్ బుకింగ్. జెడ్ బాత్రూం గడియ. అక్షరక్రమంలో అవన్నీ అట్టడుక్కి జారిపోయాయి. అదీ చాలదని వాటికి 'తొందర లేదు' అని పెట్టి, తొందరవి మాత్రమే చూపించమని ఫిల్టర్ బిగించాను. తెరమీద మిగిలినవి దుప్పట్లు ఉతకడం, అప్పడాలు ఎండబెట్టడం. అన్నీ ఆవిడవే.

వారం రోజులు రాజభోగం. "మోటారు సంగతేమైందండీ?" అంటే "లిస్టులో ఉందేమో చూడు" అనేవాణ్ణి. తెర వైపు చూసి వెళ్ళిపోయేది.

ఆ ఊపులో బుధవారం చెప్పిన పనికి కూడా జెడ్ పెట్టేశాను. ఆదివారం ముదినేపల్లి నుంచి మా అత్తగారు వెంకటనరసమ్మ వస్తున్నారు, బస్టాండుకి వెళ్ళి తీసుకురావాలి. అదీ ఆ పని. జెడ్ అత్తయ్య.

ఆదివారం పదకొండింటికి ఇంటి ముందు ఆటో ఆగింది. గంటన్నర ఎండలో నిలబడ్డ మొహంతో అత్తగారు దిగారు. చేతిలో మూతకట్టిన బకెట్టు. అందులో కొల్లేటి కొరమీనులు, ప్రాణాలతో.

"ఏం అల్లుడుగారూ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ అత్తయ్యగారూ."

"అయ్యో!" అన్నారావిడ.

మాణిక్యం బకెట్టు తీసుకెళ్ళి బాత్రూంలో పెట్టింది. గడియ పడదు కదా, తలుపు తెరుచుకుంది. మూత ఊడింది. మూడు కొరమీనులు పాక్కుంటూ హాల్లోకి వచ్చేశాయి. అత్తగారు కొంగు బిగించి వాటిని పట్టారు. నేను స్టూలెక్కి ధైర్యం చెప్పాను.

చేతులు కడుక్కుందామని ఆవిడ కుళాయి తిప్పితే గాలి వచ్చింది; అన్నాళ్ళూ మూలిగిన మోటారు ఆ పొద్దున్నే పూర్తిగా పడుకుంది. వంటింట్లో ఉన్న బిందెడు నీళ్ళతో ఎలాగో చేపలు శుభ్రం చేసి పులుసు పెడితే, ఉడుకు రాకముందే గ్యాస్ అయిపోయింది.

"ఈ ఇంట్లో ఒక్కటీ పనిచెయ్యట్లేదు. మీతో సహా," అంది మాణిక్యం.

నేను ఛాతీ విరిచాను. ఇప్పుడు తగ్గితే జీవితాంతం తగ్గాల్సిందే.

"లిస్టులో లేని పనికి నేను బాధ్యుణ్ణి కాను! కావాలంటే చూసుకో."

"చూస్తాను."

చెయ్యి పైటకొంగుకి తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. మౌస్ పట్టుకున్న తీరు చూశాను. బాగా అలవాటైన చెయ్యి అది! ముందు 'అన్నీ' అన్నచోట నొక్కింది. ఫిల్టర్ ఊడి నలభై నాలుగు పనులూ బయటపడ్డాయి. తర్వాత 'పని పేరు' అని రాసున్న గడి మీద నొక్కింది. జాబితా తలకిందులై జెడ్‌లన్నీ పైకొచ్చి నిలబడ్డాయి.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"పర్వేజ్ వాళ్ళావిడ నజ్నీన్. పైన నొక్కితే అడుగునున్నవి పైకొస్తాయంది."

అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "జెడ్ అత్తయ్య అంటే ఏంటండీ అల్లుడుగారూ?"

"మీ భద్రత కోసమండీ. పెద్దపెద్దవాళ్ళకి జెడ్ కేటగిరీ ఇస్తారు కదా."

"బస్టాండులో ఒక్క పోలీసూ కనబడలేదే?"

"గ్యాస్ బండకీ జెడ్ కేటగిరీయేనా?" అంది మాణిక్యం. "బాత్రూం గడియక్కూడానా? దాన్నెవరు ఎత్తుకుపోతారండీ?"

అదే ఊపులో మాణిక్యం తన పేరున్న పనులన్నీ చెరిపేసింది.

"నా పనులు ఈ పెట్టెలో ఎందుకండీ? పదిహేనేళ్ళుగా ఎవరూ రాయకుండానే చేస్తున్నాను. నాకు పనులు రాసిపెట్టే మనిషి ఇంకా పుట్టలేదు."

మిగిలినవి పందొమ్మిది. అన్నీ నావే.

"ముందు బాత్రూం గడియ చూడండి. మోటారుదేముంది, ఆఖర్న చూడొచ్చు," అనేసి, తల్లితో కలిసి పులుసు గిన్నె పట్టుకుని నజ్నీన్ ఇంట్లో ఉడికించుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పిన వరసలో నేను చెయ్యడమా? అదీ అత్తగారు ఊళ్ళో ఉండగా? గడియ వైపు కన్నెత్తి చూడలేదు. పంతంకొద్దీ సైకిలెక్కి, భోజనానికి కూర్చున్న మెకానిక్ రాజరత్నాన్ని విస్తరి ముందు నుంచి లేపి తీసుకొచ్చాను. గంటలో మోటారు తిరిగింది. వాళ్ళు వచ్చేసరికి ట్యాంకు నిండింది.

గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ప్రకటించాను. "గడియ ముట్టుకోలేదు. మోటారే చేయించాను. ఏం చేసుకుంటావో చేసుకో!"

మాణిక్యం తిన్నగా వెళ్ళి కుళాయి తిప్పి, ధార పడుతుంటే తల్లి వైపు తిరిగింది.

"చెప్పానా అమ్మా? ఆఖర్న చెయ్యమంటేనే ముందు చేస్తారు. నువ్వు స్నానం చేసెయ్యి."

అత్తగారు తువ్వాలు భుజానేసుకుని బాత్రూం గుమ్మంలో ఆగి, నా వైపు చూశారు.

"అల్లుడుగారూ, ఈ గడియ మాత్రం మీకు కుదిరినప్పుడే చూడండి. ఇవాళ అస్సలు వద్దు."

ఆ మాటలో ఉన్న కిటుకు నాకు స్పష్టంగా తెలిసింది. అయినా స్క్రూడ్రైవర్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.