భయపడ్డ సభ్యుడు

మనిషి మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఇన్నాళ్లూ అతని మొహం చూడాల్సి వచ్చేది. ఈ అనాగరిక పద్ధతికి మా ఆఫీసు స్వస్తి పలికింది. సిబ్బంది తమ అభిప్రాయాలనూ ఉద్దేశాలనూ ఇకపై ఆమోదిత నలభై ఇంగ్లీషు వాక్యాల్లోనే వెలిబుచ్చాలని ఉద్దేశాల అధికారి ఉత్తర్వు జారీ చేశారు. (ఆ పదవిని ఏ ఉద్దేశంతో సృష్టించారో ఆయనకూ తెలియదు.)

నలభై వాక్యాలూ నేను మూడు రోజుల్లో బట్టీ పట్టేశాను. కాఫీ కావాలా అని మా ఆవిడ అడిగితే, "ఐ వుడ్ నాట్ మైండ్" అన్నాను. వద్దన్నాననుకుని ఆవిడే తాగేసింది.

ఇంతలో, పదిహేనేళ్లుగా మా నాలుగంతస్తులూ తుడుస్తున్న అక్కను తీసేసి యంత్రాన్ని తెస్తారని తెలిసింది. ఆ సంగతి తేల్చే మీటింగు రోజు ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"బాబూ, మీకు ఇంగ్లీషొచ్చు. నన్ను తీసెయ్యొద్దని ఒక్క మాట చెప్పరా?"

"నువ్వు నిశ్చింతగా ఉండక్కా. నేను చూసుకుంటాగా!"

తీర్మానం చదవగానే లేచి నిలబడ్డాను. గొంతుతో పాటు ఉచ్చారణా సవరించుకున్నాను. అభ్యంతరం తెలపడానికి జాబితాలో మూడే వాక్యాలున్నాయి. ఎందుకైనా మంచిదని మూడూ వాడాను.

"విత్ డ్యూ రెస్పెక్ట్..." అన్నాను. మేనేజరు గారు తల వంచి నా గౌరవాన్ని స్వీకరించారు.

"ఐ సీ యువర్ పాయింట్, బట్..." అన్నాను. 'బట్' నోట్లోంచి బయటపడేలోగా ఆయన థాంక్స్ చెప్పేశారు.

"ఐ యామ్ అఫ్రెయిడ్..." అన్నాను.

"భయమెందుకండీ, మేం లేమూ?" అని భుజం తట్టి కూర్చోబెట్టారు.

మినిట్స్‌లో ఇలా రాశారు: "ఒక సభ్యుడు గౌరవం ప్రకటించి, విషయం బోధపడిందని అంగీకరించి, కారణం చెప్పకుండా భయపడ్డారు. తీర్మానం ఏకగ్రీవం." (నా ఇంగ్లీషు బాగుందని ఇద్దరు మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే, సాయంత్రం దాకా ఆ సంతోషంలోనే ఉన్నాను.)

సాయంత్రం అక్క తాళాలు అప్పగించడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమన్నారు బాబూ?"

"ఉన్నవాటిల్లో గట్టివి మూడు వాడానక్కా."

"నో అనలేదా?"

"అది జాబితాలో లేదు."

ఆమె తాళాలు నా చేతిలో పెట్టింది.

"అయ్యో, ముందే చెప్పుంటే నేనే వచ్చి అనేదాన్ని కదా బాబూ. నాకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే."